గోడల మీద బొమ్మలు, మరుగున పడ్డ వసారా

మూడేళ్లు నిండిన ఆడపిల్ల సగటు ఎత్తు 95 సెంటీమీటర్లని, ఐదేళ్లు నిండేసరికి అది 109 సెంటీమీటర్లు దాటుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఎదుగుదల ప్రమాణాలు చెబుతున్నాయి. కళ్లు నడినెత్తికి పది సెంటీమీటర్ల దిగువన ఉంటాయి కనుక, నిలబడి ఉన్న మూడేళ్ల పిల్ల చూపు నేల నుంచి 85 సెంటీమీటర్ల దగ్గర, చాప మీద కూర్చున్నప్పుడు అందులో సగానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ భవనమైనా సొంత ఇల్లైనా, మేస్త్రీలు సిల్ లెవెల్ అని పిలిచే కిటికీ దిగువ అంచును సాధారణంగా మూడడుగుల ఎత్తున, అంటే దాదాపు 91 సెంటీమీటర్ల దగ్గర నిలుపుతారు. అంటే అంగన్‌వాడీ గదిలో రోజంతా గడిపే పిల్లకు కిటికీలోంచి ఆకాశం ముక్క తప్ప వాకిట్లో ఏం జరుగుతోందో కనిపించదు. బ్లాక్‌బోర్డు, చేతులు కడుక్కునే కొళాయి, బొమ్మలు పెట్టిన అలమర కూడా పెద్దవాళ్ల చేతికి అందే ఎత్తులోనే ఉంటాయి. స్విచ్చులు పైన ఉండటం క్షేమమే కానీ, మిగిలిన వాటికి అలాంటి సమర్థన ఏదీ లేదు. కార్యాలయానికో రేషన్ దుకాణానికో గీసిన నమూనానే పసిపిల్లలకూ వర్తింపజేయడం వల్ల వచ్చిన ఎత్తులవి.

ఈ విషయం చిన్నదిగా కనిపించినా దాని విస్తృతి చాలా పెద్దది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న దేశవ్యాప్తంగా 33 బ్లాకుల్లో మొదలు కాగా, ఇప్పుడు ఒక్క ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే 91 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. 2020 నాటి జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించి, అందులో తొలి మూడేళ్ల చదువును ప్రధానంగా ఈ కేంద్రాలకే అప్పగించింది. ఆ దశ కోసం 2022 అక్టోబరులో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ఆటను బోధనా పద్ధతికి కేంద్రంగా నిలబెట్టింది. పాఠ్యప్రణాళిక ఆటను కోరుతుండగా కట్టడం మాత్రం కదలకుండా కూర్చోవడాన్ని కోరుతోందన్నదే ఈ చర్చ సారాంశం.

ఈ వైరుధ్యం ప్రమాణాల్లోనే ఉంది. పూర్వ ప్రాథమిక విద్య కోసం కేంద్ర ప్రభుత్వం నిర్దేశించిన నాణ్యతా ప్రమాణాల ప్రకారం ముప్పై మంది పిల్లల బృందానికి కనీసం 35 చదరపు మీటర్ల గది, కనీసం 30 చదరపు మీటర్ల ఆరుబయలు ఉండాలి. లెక్క కడితే లోపల ఒక్కొక్కరికి 1.17 చదరపు మీటర్లు, బయట సరిగ్గా ఒక చదరపు మీటరు వస్తాయి. కూర్చుని పాట పాడే పిల్లకు కావలసిన చోటు కన్నా పరుగెత్తి, దూకి, మట్టి తవ్వే పిల్లకు కావలసిన చోటు ఎక్కువని ఎవరికైనా తెలుసు. ప్రమాణం మాత్రం తలకిందులుగా ఉంది. ఐదు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవున్న నేల మీద ముప్పై మందిని వదిలితే అక్కడ ఆట సాగదు, తోపులాట సాగుతుంది. ఇది కనీస ప్రమాణమే కదా అని సర్దిచెప్పవచ్చు కానీ, ప్రభుత్వ నిర్మాణాల్లో కనీసం అని రాసినది గరిష్ఠంగా మారిపోవడం కొత్త విషయమేమీ కాదు. ఆరుబయలు అంటే భవనం కట్టగా మిగిలిన నేల అనే భావన ఆ అంకెలోనే ఉంది.

వాకిలికి దక్కని శ్రద్ధ అంతా గోడలకు దక్కింది. ఢిల్లీకి చెందిన విన్యాస్ అనే వాస్తుశిల్ప పరిశోధనా సంస్థలో కబీర్ వాజపేయి బృందం, యూనిసెఫ్ సహకారంతో, భవనాన్నే బోధనా సాధనంగా మలిచే ఒక పద్ధతిని అభివృద్ధి చేసింది. ఆంగ్ల పేరులోని తొలి అక్షరాలను కలిపి దాన్ని బాలా అంటారు. తలుపు తెరుచుకునే చోట నేల మీద కోణాలు గీయడం, కిటికీ ఊచలను వేలితో తడుముతూ పోతే అక్షరాలకు పనికొచ్చే వంపులు అలవాటయ్యేలా వంచడం, గోడ అడుగుభాగంలో పిల్లలే రాసుకునే నల్లబల్ల పట్టీ వేయడం, నేల పలకల్లో ఆట గళ్లు అమర్చడం వంటివి అందులోని ఆలోచనలు. పిల్ల చేయి తాకి, కాలు తొక్కి, శరీరంతో కొలిచి నేర్చుకునే అవకాశాన్ని కట్టడంలోనే కలపడం దాని ఉద్దేశం. రెండు లక్షల కేంద్రాలను సక్షమ్ అంగన్‌వాడీలుగా ఆధునికీకరించే కార్యక్రమం దగ్గరికి వచ్చేసరికి ఎల్ఈడీ తెర, నీటి శుద్ధి యంత్రం, పోషణ వాటిక అనే పెరటి తోటలతో పాటు సౌకర్యాల జాబితాలో బాలా పెయింటింగులు అన్న మాట చేరింది. తాకవలసినది చూడవలసినదిగా, అదీ కాంట్రాక్టరు రంగులు వేయించి ఫొటో తీసి బిల్లు పెట్టుకోగలిగినదిగా కుదించుకుపోయింది. ఇప్పుడు ఏ మండలానికి వెళ్లినా అవే మామిడిపండ్లు, అవే రైలుపెట్టెలు, అవే జాతీయ నాయకులు నేల నుంచి కప్పు దాకా గోడలను నింపేసి కనిపిస్తారు.

నిండిన గోడ పిల్లల చదువుకు మేలు చేస్తుందన్న నమ్మకం కూడా పరీక్షకు నిలిచేది కాదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగంలో 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠాలను ఖాళీ గోడల గదిలో, కొన్నింటిని బొమ్మలూ పటాలతో నింపిన గదిలో చెప్పి చూశారు. అలంకరించిన గదిలో పిల్లల దృష్టి ఎక్కువగా చెదిరింది, పరీక్షల్లో సరైన జవాబులు 55 శాతం నుంచి 42 శాతానికి తగ్గాయి. ఇరవై నాలుగు మందితో జరిపిన ప్రయోగాన్ని సార్వత్రిక సూత్రంగా చేయనవసరం లేదు. అయినా కళ్ల ముందు ఉన్నవాటిలో అనవసరమైనదాన్ని పక్కన పెట్టే శక్తి ఐదారేళ్ల లోపు పిల్లల్లో ఇంకా కుదురుకోదన్న సంగతిని అది గుర్తుచేస్తుంది. నేల నుంచి మూడడుగుల దాకా పిల్లలు గీసుకునే, చెరుపుకునే, తమ పనిని తగిలించుకునే పట్టీ ఉంచి, ఆ పైన లేత సున్నం వేసి వదిలేస్తే ఖర్చు తగ్గి ప్రయోజనం పెరుగుతుంది. ఆవిష్కరణ ఫొటోలో అలాంటి గోడ బోసిగా కనిపిస్తుందన్నది మాత్రం నిజం.

పసిపిల్లల కోసం గదిని వాళ్ల కొలతలకు తగ్గించి కట్టాలన్న ఆలోచన తెలుగు నేలకు కొత్త కాదు. 1907లో రోమ్ నగరపు శాన్ లొరెంజో పేటలో తొలి బాలల గృహాన్ని తెరిచిన మరియా మాంటిస్సోరి, పిల్లలే ఎత్తి జరుపుకోగలిగే తేలికైన కుర్చీలను, చేతికందే అరలను బోధనలో భాగం చేసింది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఆ పేరు బోర్డు మీద రాసుకున్న బడులు ఆంధ్ర, తెలంగాణ పట్టణాల్లో వీధికొకటి ఉన్నా, వాటిలో చాలాచోట్ల నేలకు బిగించినట్టున్న బెంచీల వరుసలే కనిపిస్తాయి. అంగన్‌వాడీ అనే నమూనాకైతే మూలమే ఆరుబయలు: మహారాష్ట్రలోని బోర్డీ ప్రాంతంలో 1945 నుంచి గ్రామీణ బాలవిద్యను నడిపిన తారాబాయి మోడక్, ఆమె సహచరి అనూతాయి వాఘ్, పిల్లలు బడికి రాలేని గిరిజన పల్లెల్లో బడినే వాళ్ల ముంగిళ్లకు తీసుకువెళ్లారు. ముంగిట్లో పుట్టిన బడి ముంగిలి లేని ఒంటి గదిగా స్థిరపడటం విధానాల చరిత్రలో జరిగిన విచిత్రాల్లో ఒకటి.

అంతకు ముందు వీధి అరుగుల మీద నడిచిన బడుల గురించి బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదిక చాలా విషయాలు చెబుతుంది. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన ఈ అధికారి, తెలుగు, కన్నడ బడులున్న ఆ జిల్లాలో 533 బడులను లెక్కించి, పిల్లవాడు బడిలో చేరగానే ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడంతో చదువు మొదలుపెడతాడని నమోదు చేశాడు. వేలికొన చర్మానికి ఇసుక ఇచ్చే స్పర్శ, తప్పు రాస్తే అరచేతితో తుడిచేసుకునే వెసులుబాటు, పట్టు కుదరని వేళ్లకు పెన్సిలు పట్టించే బలవంతం లేకపోవడం ఇప్పటి పూర్వ ప్రాథమిక విద్య సిద్ధాంతం కోరుకునేవే. అయితే ఆ వ్యవస్థను బంగారు గతంగా చిత్రించడం సరికాదు. ఆ నివేదికలోని 6,641 మంది విద్యార్థుల్లో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. అరుగు నుంచి తీసుకోదగినది దాని సామాజిక నీతి కాదు, దాని కట్టడపు తెలివి.

ఆ తెలివి మొత్తం వసారాలో ఉంది. పూర్తిగా లోపలా కాక, పూర్తిగా బయటా కాక, పైన కప్పు ఉండి మూడు పక్కలా లేదా ఒక పక్క తెరిచి ఉండే ఈ చోటు తెలుగు ప్రాంతపు ఎండకూ వానకూ కనిపెట్టిన జవాబు. గది పొడవునా రెండు రెండున్నర మీటర్ల వెడల్పున, వీలైతే ఉత్తరం వైపో తూర్పు వైపో వసారా దింపితే మధ్యాహ్నపు ఎండ అక్కడ పడదు, జడివానలోనూ పిల్లలు గాలిలోనే ఉంటారు, ఏడాదిలో ఎక్కువ రోజులు పాఠం అక్కడే సాగుతుంది. వసారా అంచున నేల నుంచి పాతిక సెంటీమీటర్ల ఎత్తున్న అరుగు నాలుగేళ్ల పిల్లకు సరిపోయే ఆసనం. దాని కోసం వేరే ఫర్నిచరు కొనక్కర్లేదు. తాండూరు లేదా బేతంచెర్ల నాపరాయిని మరీ నునుపు చేయకుండా పరిస్తే వేసవిలో చల్లగా ఉంటుంది, తడి కాళ్లతో నడిచినా జారదు. ఈ మధ్య మోజుగా వేస్తున్న మెరిసే విట్రిఫైడ్ పలకల గురించి అలా చెప్పలేం.

వసారా వల్ల కలిగే మరో మేలు శబ్దానికి సంబంధించినది. కాంక్రీటు కప్పు, సిమెంటు గోడలు, పలకల నేల ఉన్న చతురస్రపు గదిలో ఇరవై మంది పిల్లలు మాట్లాడితే ప్రతి శబ్దమూ గోడలకు తగిలి తిరిగివచ్చి కలగాపులగమవుతుంది. పెద్దవాళ్లు సగం వినపడిన మాటను సందర్భాన్ని బట్టి పూరించుకోగలరు, భాషను ఇప్పుడే నేర్చుకుంటున్న పిల్లలు అలా పూరించుకోలేరు. లకు ళకు, నకు ణకు, దకు ధకు తేడా చెవికి పట్టవలసిన వయసులో ఆ తేడాను మింగేసే గదిలో కూర్చోబెట్టి, తర్వాత ఉచ్చారణ సరిగా లేదని పిల్లలను తప్పుపట్టడం అన్యాయం. ఒక పక్క తెరిచి ఉన్న వసారాలో మాట తిరిగిరాదు. గదిలోనైతే కొబ్బరిపీచు చాపలు, గోనెపట్టా వేలాడదీసిన ఒక గోడ, గుడ్డ తెరలు చాలావరకు ఆ పని చేస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది టీచరు చూపు. అంగన్‌వాడీలో సాధారణంగా ఒక టీచరు, ఒక ఆయా ఉంటారు. ఆయా వంటపనిలో ఉండగా, టీచరు పిల్లలను చూసుకుంటూనే గర్భిణులకు, బాలింతలకు సరుకులు ఇవ్వాలి, బరువులు తూచాలి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కించాలి. గదికి ఒక మూల తలుపు, వెనకవైపు ఆటస్థలం ఉన్న కేంద్రంలో ఆమె పిల్లలను బయటికి వదలదు. వదలకపోవడమే బాధ్యతాయుతమైన పని కూడా. టీచర్లకు ఆటల మీద ఆసక్తి లేదని తనిఖీ నివేదికలు తేల్చేసే చాలా సందర్భాల్లో అసలు దోషం ప్లానుది. గది, వసారా, వాకిలి, గేటు ఒకే చూపులో పడేలా వరుసగా ఉంటే, వంటగది కిటికీ కూడా అటువైపే తెరుచుకుంటే, ఇద్దరు మనుషులతో ఆరుబయట ఆట సాధ్యమవుతుంది. మంచి ప్లాను రెండో టీచరుకు ప్రత్యామ్నాయం మాత్రం కాదు, ఇరవై మంది పిల్లలకు ఒక పెద్ద మనిషి ఉండాలని ప్రభుత్వ ప్రమాణాలే అంటున్నాయి.

వంటగది ఎక్కడ ఉండాలన్న ప్రశ్నను ఎంతమాత్రం తేలికగా తీసుకోకూడదు. 2004 జులైలో తమిళనాడులోని కుంభకోణం బడిలో మధ్యాహ్న భోజనం వండే పాక నుంచి లేచిన మంటలు తరగతుల పైకప్పుకు పాకి 94 మంది పిల్లలను బలిగొన్నాయి. ఒకే గదిలో ఒక మూల గ్యాస్ సిలిండరు, మరో మూల పిల్లల చాపలు ఉన్న కేంద్రాలు ఇంకా ఉండటం ఏ పొదుపు వాదనతోనూ సమర్థించరానిది. వంటగదికి వేరే గోడ, వేరే ద్వారం, పిల్లల గదికి రెండో దారి ఉండటం అలంకారం కాదు.

పైకప్పు సంగతి కూడా అంతే తీవ్రమైనది. కాంక్రీటు స్లాబు పొద్దుటి నుంచి పీల్చుకున్న వేడిని మధ్యాహ్నం తర్వాత కిందికి వదులుతుంది. భోజనం చేసి పిల్లలు పడుకునే సమయమూ అదే. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ఆ నిద్ర ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఎండను వెనక్కి తిప్పే తెల్లపూత, పలకలతో కప్పును చల్లబరిచే చల్లని పైకప్పుల విధానాన్ని తెలంగాణ 2023లో ప్రకటించి, ప్రభుత్వ భవనాలను దాని పరిధిలోకి తెచ్చింది. దాని అమలు సచివాలయాల, కార్యాలయాల కన్నా ముందు పసిపిల్లలు నిద్రపోయే గదుల నుంచి మొదలు కావడం న్యాయం.

ఇక వాకిలి. జారుడుబండ, ఊయల కొని సిమెంటు నేల మీద బిగించడమే ఆటస్థలం అనుకోవడం పట్టణాల్లోనూ పల్లెల్లోనూ స్థిరపడింది. పడమర ముఖంగా పెట్టిన ఇనుప జారుడుబండను ఏప్రిల్‌లో ఎవరూ తాకలేరు. పైగా జారుడుబండతో చేయగలిగినది ఒక్కటే, జారడం. విడి వస్తువుల సిద్ధాంతం పేరుతో 1971లో బ్రిటిష్ కళాకారుడు సైమన్ నికల్సన్ ప్రతిపాదించినదేమిటంటే, ఒక చోట పిల్లల సృజన అక్కడ కదిలించి, కలిపి, విడదీయగలిగే వస్తువులు ఎన్ని ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. తడి ఇసుకలో పాదం దూర్చి పిచ్చుకగూళ్లు కట్టిన, చింతపిక్కలతో, కొబ్బరిచిప్పలతో వంటలు వండిన తెలుగు పిల్లలకు ఈ సిద్ధాంతం చెప్పనక్కర్లేదు. ఇసుక గుంత, నీటి తొట్టి, నునుపు చేసిన కర్రముక్కలు, ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి సహజ రంగులు వేసిన చక్రాలూ గిన్నెలూ కలిస్తే లెక్క, కొలత, బరువు, భాష అన్నీ అక్కడే పుడతాయి.

ఇసుక గుంతకు కొన్ని నియమాలున్నాయి. నీరు నిలవకుండా అడుగున కంకర పరవాలి, బడి వేళ దాటాక కుక్కలూ పిల్లులూ పాడుచేయకుండా కప్పి ఉంచాలి, పిల్లలు గొంతులో వేసుకునే పరిమాణంలో రాళ్లు లేకుండా జల్లెడ పట్టాలి. నది ఇసుక ప్రియమైందని రాళ్లు పిండిచేసి తీసిన రోబో ఇసుక పోయడం కూడదు. దాని రేణువులు పదునుగా ఉంటాయి, దుమ్ము ఎక్కువ. నీడకు కానుగ, వేప మేలు. రెండూ ఉగాది నాటికి కొత్త చిగురు తొడిగి, నీడ అవసరమైన నెలల్లో నిండుగా ఉంటాయి. అందంగా ఉంటుందని బడుల ఆవరణల్లో పెంచే గన్నేరు, పచ్చగన్నేరు నిలువెల్లా విషం. ఉమ్మెత్త, ఆముదం గింజలూ అంతే. ప్రహరీ వెంట ఏం నాటారో చూసి పీకించడం పైసా ఖర్చు లేని భద్రతా చర్య. పోషణ వాటికలకు చుట్టూ కంచె కట్టి పిల్లలను దూరంగా ఉంచే అలవాటు కూడా పోవాలి. 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో పిల్లల బడి తెరిచి, తర్వాత దానికి పిల్లల తోట అని పేరు పెట్టిన ఫ్రోబెల్, ప్రతి పిల్లకూ సొంత మడి ఇచ్చాడు. బచ్చలి తీగ పాకడం, మెంతులు మూడో రోజుకే మొలకెత్తడం చూసే పిల్లకు ఎల్ఈడీ తెర మీది మొక్క ఎందుకు?

నగరాల్లో సమస్య వేరు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం బస్తీల్లో చాలా కేంద్రాలు అద్దె గదుల్లో ఉన్నాయి, ప్రైవేటు ప్లేస్కూళ్లు అపార్టుమెంట్ల కింది అంతస్తుల్లో ఉన్నాయి. అక్కడ వాకిలి అడగడం చోటు లేనిచోట చోటు అడగడమే. నేల బదులు పరిచే ప్లాస్టిక్ గడ్డి ఎండలో మట్టి కన్నా ఎక్కువ వేడెక్కుతుంది, దాన్ని తవ్వడానికీ వీలుండదు. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో వాస్తుశిల్పి ఆల్డో వాన్ ఐక్ 1947 నుంచి మూడు దశాబ్దాల్లో ఇళ్ల మధ్య మిగిలిపోయిన ఖాళీ జాగాల్లో ఏడు వందలకు పైగా ఆటస్థలాలు తీర్చిదిద్దాడు. ఇసుక గుంత, కొన్ని గుండ్రటి దిమ్మెలు, పల్టీలకు ఇనుప కడ్డీలు తప్ప వాటిలో పెద్దగా ఏమీ లేవు. మునిసిపల్ పార్కులు చాలాచోట్ల పొద్దునా సాయంత్రమూ నడకకు తెరిచి మధ్యలో తాళం వేసుకుంటాయి. ఉదయం పది నుంచి రెండు గంటల సేపు ఆ గేట్లను పక్క వీధి అంగన్‌వాడీలకు తెరిస్తే కొత్త నిర్మాణమే అవసరం లేదు. పగటి వెలుతురులో గడపడం కంటిచూపుకు కూడా అవసరం: చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే ఏర్పాటు చేయగా, మూడేళ్లలో హ్రస్వదృష్టి వచ్చినవారు ఆ బడుల్లో 30.4 శాతం, మిగిలిన బడుల్లో 39.5 శాతం అని 2015లో తేలింది.

డబ్బు విషయానికొస్తే, కొత్త అంగన్‌వాడీ భవనానికి యూనిట్ వ్యయాన్ని కేంద్రం 7 లక్షల నుంచి 12 లక్షల రూపాయలకు పెంచినప్పుడు అందులో 8 లక్షలు ఉపాధి హామీ నుంచి, 2 లక్షలు ఆర్థిక సంఘం నిధుల నుంచి, మిగిలిన 2 లక్షలు మహిళా శిశు అభివృద్ధి శాఖ నుంచి రావాలని నిర్ణయించింది. నేల చదును చేయడం, గుంతలు తవ్వడం, చెట్లు నాటి నీళ్లు పోయడం ఉపాధి పనులకు అతి సహజమైనవి. వాకిలి కోసం వెతకవలసినది నిధులను కాదు, ప్లానులో దాని స్థానాన్ని. మండల ఇంజనీరు గీసే నమూనాలో ముందు చెట్టు, వాకిలి, వసారా గీసి, మిగిలిన చోట గది గీయమని ఉత్తర్వు ఇస్తే కిటికీ దిగువ అంచును 45 సెంటీమీటర్లకు దించి ఊచలు దగ్గరగా బిగించడం దానంతట అదే చర్చకు వస్తుంది. తర్వాతి ఏళ్లలో ఏటా వేసవికి ముందు కప్పు మీద సున్నపు పూత, వానలు వెలిశాక ఇసుక మార్పు, చిరిగిన చాపల స్థానంలో కొత్తవి కావాలి. వీటికి అయ్యేది కొన్ని వేల రూపాయలే అయినా, ఆ మొత్తం టీచరు సొంత జీతం నుంచి కాక, తల్లుల కమిటీ తీర్మానంతో నేరుగా తీసుకోగలిగే పద్దు కింద మొదటి అంచనా పత్రంలోనే నమోదై ఉండాలి.